ఊపందుకొన్న బ్యాటు

అమెరికా బేస్‌బాల్ చరిత్రలో 1968వ సంవత్సరము పిచర్ల, అనగా బంతి విసరువారి, రాజ్యమని ప్రసిద్ధి. సెయింట్ లూయిస్ జట్టునకు చెందిన బాబ్ గిబ్సన్ ఆ యేడు తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.12 పరుగులకు మించి తన ఖాతాకు రానీయలేదు. డెట్రాయిట్ జట్టు పిచర్ డెన్నీ మెక్‌లేన్ 31 ఆటలు గెలిచెను. బ్యాటు పట్టినవారి దురవస్థ యెంతదూరము పోయినదనగా, క్రీడాధికారులు చూచి చూచి, మఱుసటి యేటికి పిచర్ నిలుచు దిబ్బ యెత్తును 15 అంగుళముల నుండి 10 అంగుళములకు దించిరి. అట్టి కఱవు కాలమున, మే 12వ తేదీ మొదలు 18వ తేదీ లోపల, వాషింగ్టన్ సెనెటర్స్ అను మిక్కిలి బలహీనమైన జట్టులో, ఆఱడుగుల ఏడంగుళముల నిలువెత్తు మనిషి ఫ్రాంక్ హోవర్డ్, ఆఱు ఆటలలో లెక్కకు వచ్చిన ఇరువది వంతులకు పది హోమ్‌రన్‌లు కొట్టెను.

హోమ్‌రన్ అనగా కొట్టిన బంతి నేల తాకక కంచె దాటిపోవుట. మన పాఠకులకు వెంటనే క్రికెట్టులోని సిక్సరు స్ఫురించును గాని, జట్టంతయు కలిసి ఆటకొక్క హోమ్‌రన్ సంపాదించినను సంతృప్తి చెందు క్రీడయందు, ఒక్కడే ఆఱు ఆటలకు పది సంపాదించుట యెంతటి విపరీతమో ఆ పోలికవలన తెలియదు. పదవ బంతి డెట్రాయిట్ మైదానమున ఎడమవైపు ప్రేక్షకశాల కప్పునకు పైగా పోయి వెలుపల పడినది. ఇంత జరిగినను సెనెటర్స్ జట్టు ఆ సంవత్సరము పది జట్ల లీగులో పదవ స్థానముననే నిలిచెను. జార్జి వాషింగ్టన్ యుద్ధమునను ప్రథముడు, శాంతియందును ప్రథముడు, ఆయన పేరిటి నగరము మాత్రము లీగులో కడపటిది అని ఆ యూరివారు తమ్ము తామే పరిహసించుకొను వాడుక అప్పటికే పాతబడియుండెను. గెలుపు కొఱకై అట్టి జట్టు వెంట తిరుగువాడుండడు. అయినను ఓటమికి అలవాటుపడిన అభిమాని సంవత్సరమంతయు సహించుటకు ఇట్టి వారమొక్కటి చాలును. వాషింగ్టన్ స్టేడియమున హోవర్డ్ బంతులు పోయి పడిన పై అంతస్తు కుర్చీలకు తెల్లరంగు వేసి గుర్తు నిలిపిరి; ఆ కుర్చీలు అంతదూరమున నుండినవని చూచినవారు గాని నమ్మరు.

బ్యాటర్లలో రెండు జాతులు గలవు. వసంతము మొదలు సెప్టెంబరు వఱకు సాగు 162 ఆటలలో ప్రతివారమును ఇంచుమించు ఒకే ఫలమిచ్చువారు కొందఱు; నెలదినములు మోడువలె నిలిచి, అకస్మాత్తుగా ఊపందుకొని పదునైదు దినములలో సంవత్సరపు పంటనంతయు కురిపించువారు మఱికొందఱు. సంవత్సరాంతమున పట్టికలో ఇరువురి అంకెలును సమానముగానే కనిపింపవచ్చును. కాలువ క్రింది మాగాణి రైతు ఆకాశము వంక చూడవలసిన పని లేదు. మెట్ట రైతు కన్ను మాత్రము మేఘము మీదనే యుండును. జట్టు యజమానులు మొదటి జాతివానికి సొమ్ము పోయుట వివేకమే. ప్రేక్షకులు రెండవ జాతివానిని ప్రేమించుటయు అంతే సహజము. నా పక్షపాతము ఈ రెండవవారియందేయని ముందుగనే చెప్పివేయుట మేలు.

ఈ ఊపు యొక్క రుచి తెలియవలెనన్నచో బేస్‌బాల్‌లో బంతిని కొట్టుట యెంత కష్టమో కొంత యెఱిగియుండవలెను. పిచర్‌కును బ్యాటర్‌కును నడుమ నిర్ణీతమైన దూరము 60 అడుగుల 6 అంగుళములు. గంటకు 95 మైళ్ల వేగముతో వచ్చు బంతి ఆ దూరమును సుమారు 0.4 సెకనులో గడచును. అందులో సగము కాలము గడవకమునుపే కొట్టుటయో మానుటయో తేల్చుకొనవలసియుండును. చేతిలోని బ్యాటు మన క్రికెట్ బ్యాటువలె పలక గాదు, గుండ్రని కఱ్ఱ. దాని వ్యాసము 2.61 అంగుళములకు మించరాదని నియమము. గుండ్రని కఱ్ఱతో గుండ్రని బంతిని, అదియును వంకర తిరుగుచు వచ్చుదానిని, నడిబొడ్డున తాకింపవలెను. కావుననే పదిమారులలో మూడుమారులు హిట్ (బంతిని కొట్టి క్షేమముగా బేసు చేరుట) సాధించినవానిని, అనగా .300 సగటుగలవానిని, ఉత్తముడందురు. ఏడుమారులు తలవంచుకొని వెనుదిరుగువాడే ఈ క్రీడలో మొనగాడు.

మఱియొక విశేషము గలదు. నా దృష్టిలో ఇదియే ముఖ్యము. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్ మైదానమున మన హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసినపుడు, నాలుగవ దినమంతయు అతనిని గాని రాహుల్ ద్రావిడ్‌ను గాని కదలించువాడే లేకపోయెను. క్రికెట్టులో ఊపు వచ్చినవాడు ఔటగునంతవఱకు క్రీజును విడువనక్కఱలేదు. తన మహిమనంతయు ఒక్క ఇన్నింగ్సులోనే వెలార్చుకొనగలడు. బేస్‌బాల్‌లో ఆ స్వాతంత్ర్యము లేదు. ఎంత గొప్పగా కొట్టినను, కొట్టిన మఱుక్షణమే వాని వంతు తీరిపోవును. తక్కిన ఎనమండుగురు వరుసగా వచ్చి పోయిన తరువాత గాని మరల వాని పేరు పిలువబడదు. ఆటకు నాలుగైదు వంతులకంటె దొరకుట అరుదు. కాబట్టి ఇక్కడ విజృంభణము ఒక పూటలో ముగియు దృశ్యము గాక, నిద్రపోయి లేచి, విమానమెక్కి, మఱియొక నగరమునకు పోయి, మఱియొక పిచర్‌ను ఎదుర్కొనిన పిదపగూడ నిలువవలసిన వస్తువు. నిన్న కొట్టినవాడు నేడు కొట్టునా యను ప్రశ్న ప్రతిదినమును కొత్తగా పుట్టును. బ్యాటర్ ఎదురుచూచు గంటలన్నియు ప్రేక్షకుడును ఎదురుచూచును. ఆ విరామములే రసమునకు ఆటపట్టు. అమెరికా తూర్పుతీరమున వేసవి సాయంకాలము ఏడు గంటలకు మొదలగు ఆట మనకు తెల్లవాఱుజామున నాలుగున్నరకు వచ్చును గనుక, తెలుగునాట కూర్చుండి దీనిని వెంబడింపగోరువాడు నిద్రను గూడ త్యజింపవలసియుండును.

ఇటీవలి కాలమున ఈ ఊపునకు మచ్చుతునక కైల్ స్క్వార్బర్. 2021 జూన్ రెండవ వారము నాటికి వాషింగ్టన్ నేషనల్స్ జట్టులో నున్న ఈతని ఖాతాలో ఇంచుమించు రెండు నెలలు ఆడియు తొమ్మిది హోమ్‌రన్‌లే యుండెను. అప్పుడు మేనేజర్ డేవ్ మార్టినెజ్ ఈతనిని వరుసలో మొదటివానిగా పంపసాగెను. మొదటి స్థానము పరంపరాగతముగా లఘుశరీరులకు, వడిగా పరుగెత్తువారికి చెందినది. ఈతడో బలిష్ఠుడు, స్థూలకాయుడు. జూన్ 12 నుండి 29 వఱకు ఆడిన 18 ఆటలలో ఆ స్థూలకాయుడు 16 హోమ్‌రన్‌లు కొట్టెను. మొదటి వంతువాడగుటచేత, ప్రేక్షకులు కుర్చీలు వెదకుకొని కూర్చుండకమునుపే బంతి కంచె దాటిపోవుచుండెను. ఆలస్యముగా వచ్చువారికి ఇంతకంటె తగిన శిక్ష యెవరును విధింపలేరు. జూలై 2వ తేదీన మొదటి బేసు మలుపు తిరుగుచుండగా తొడ వెనుక కండరము బెణికి అతడు కుంటుచు వెలికి వచ్చెను. ఏ పిచర్‌చేతను ఆగని ప్రవాహము తన కాలిచేతనే ఆగినది. నెల తిరుగకమునుపే జట్టువారు అతనిని బోస్టన్‌కు ఇచ్చివేసిరి.

ఊపు వచ్చినవానిని గుర్తించుటకు హోమ్‌రన్ కొఱకు వేచియుండనక్కఱలేదని అనుభవజ్ఞులందురు. వాడు వదలివేయు బంతులను చూడవలెను. అంతకుముందు వారమున ఆశపడి ఊపిన బ్యాటునే, ఇప్పుడు రెండంగుళములు దూరముగా పోవు బంతిని చూచి కదల్పకుండ నిలుచును. బయటివైపు వచ్చినదానిని బలవంతముగా లాగక, వచ్చిన దిక్కునకే తోయును. ఔటయినపుడుగూడ బంతి సూటిగా, చురుకుగా పోయి ఫీల్డరు చేతిలో పడును. బంతి తనకు మామూలుకంటె పెద్దదిగా కనిపించుచున్నదని బ్యాటర్లు చెప్పుకొను మాటను అతిశయోక్తిగా త్రోసివేయుటకు వీలులేదు. 2005లో ప్రచురితమైన యొక పరిశోధనలో, ఆట ముగించుకొని వచ్చిన సాఫ్ట్‌బాల్ క్రీడాకారులకు వేఱువేఱు పరిమాణముల వృత్తములను చూపి, బంతి వీనిలో దేనియంతయో చెప్పుడని జెస్సికా విట్, డెన్నిస్ ప్రాఫిట్ అను మనస్తత్త్వవేత్తలు అడిగిరి. ఆనాడు బాగుగా కొట్టినవారు పెద్ద వృత్తమును చూపిరి. బాగుగా కొట్టుటవలన పెద్దదిగా తోచెనో, పెద్దదిగా తోచుటవలన బాగుగా కొట్టిరో ఈ ప్రయోగమువలన తేలదు. తేలకుండుటయే నాకు రుచించుచున్నది.

ఇక ప్రసిద్ధిలో అన్నింటికంటె పెద్దదైన పరంపర వేఱొకటి గలదు. 1941 మే 15 నుండి జూలై 16 వఱకు న్యూయార్క్ యాంకీస్ జట్టు జో డిమాజియో వరుసగా 56 ఆటలలో, ఆటకొక్క హిట్‌కు తక్కువ గాకుండ కొట్టెను. జూన్ 22న హిట్లర్ సేనలు రష్యాపై పడినవి. ఆ వార్తల నడుమ గూడ డిమాజియోకు నేడు హిట్ దొరకినదా యని అమెరికా అడుగుచుండెను. జూన్ 29న వాషింగ్టన్‌లో ఒకేనాడు రెండు ఆటలు. మొదటిదానిలో జార్జి సిస్లర్ 1922లో నెలకొల్పిన 41 ఆటల లెక్కను అతడు అందుకొనెను. రెండవది మొదలగులోపల అతని బ్యాటును ఎవడో దొంగిలించెను. సహచరుడు టామీ హెన్రిక్ చేతనున్న బ్యాటును పుచ్చుకొని పోయి దానితోనే సిస్లర్‌ను దాటెను. దొంగిలింపబడిన బ్యాటు తరువాత తిరిగి వచ్చెను. జూలై 17 రాత్రి క్లీవ్‌లాండ్‌లో 67,468 మంది చూచుచుండగా, మూడవ బేసు వద్ద నున్న కెన్ కెల్ట్‌నర్ రెండు బంతులను అడ్డచేతితో అందుకొని మొదటి బేసునకు విసరి అతనిని ఆపెను. మఱునాటి నుండి డిమాజియో మరల 16 ఆటలు వరుసగా హిట్ కొట్టెను.

ఇంత చెప్పి, కొందఱికి కోపము వచ్చు మాట యొకటి అనవలసియున్నది. డిమాజియో ఊపు మీద నడచు జాతివాడు గాడు. అతడు నిలకడ గలవాడు, ఆ 56 ఆటలును నిలకడకే పరాకాష్ఠ. ఆ కాలమున అతని సగటు .408, బోస్టన్‌లోని టెడ్ విలియమ్స్ అవే దినములలో .412 సగటుతో కొట్టుచుండెను, సంవత్సరమంతకును .406 నిలిపెను. అయినను ఆ యేటి ఉత్తమ క్రీడాకారుని బహుమానము డిమాజియోకే దక్కినది. ఏలయనగా దినదినమును తెగునా తెగదా యని చూడదగిన దారము జనుల చేతికి ఇచ్చినవాడు అతడే. విలియమ్స్ ఘనత గణించి తెలిసికొనవలసినది. డిమాజియోది వేచి అనుభవింపవలసినది. రోజుకొక్క హిట్‌తో బ్రదుకు దారమునందు ఉత్కంఠ హెచ్చు, ఉద్ధృతి తక్కువ. హోవర్డ్ వారమునందలి వరదను చూచినవానికి ఆ పొదుపు చాలదు.

పండితులు ఈ విషయమున చిరకాలముగా వాదించుకొనుచున్నారు. 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అను మువ్వురు ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు లెక్కలను పరిశీలించి, ఊపు అనునది చూచువారి భ్రమయనియు, యాదృచ్ఛికముగా వచ్చు వరుసలనే మనము మహిమగా ఎంచుచున్నామనియు తీర్మానించిరి. వారి వాదమున బలము లేకపోలేదు. .300 సగటుగలవానికి ఆటకు నాలుగు వంతులు దొరకునని లెక్క వేయుదము. నాలుగింటను విఫలుడగుటకు అవకాశము నూటికి 24 పాళ్లు. కావున కనీసమొక హిట్ దొరకుటకు 76 పాళ్లు. అట్టివాడు ముందుగా నిర్ణయించిన పది ఆటలలో వరుసగా హిట్ కొట్టుట నూటికి ఆఱుమారులు కేవలము పాచికల పాటుగనే జరుగును. వందలకొలది బ్యాటర్లు సంవత్సరముల తరబడి ఆడుచుండగా అట్టివి కోకొల్లలుగా కనబడుటలో వింత లేదు. అదే లెక్కలో 56 ఆటల వరుసకు అవకాశము సుమారు 48 లక్షలలో ఒకటి. నోబెల్ బహుమానమందిన భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ పర్సెల్ బేస్‌బాల్ చరిత్రలోని పరంపరలన్నింటిని గణించి, డిమాజియోది తప్ప తక్కినవన్నియు యాదృచ్ఛికపు హద్దులలోనివేయని తేల్చెను. యాంకీస్ అభిమానియైన శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డ్ దానిని 1988లో లోకమునకు చాటెను.

కాని వ్యాజ్యము అంతటితో ముగియలేదు. జాషువా మిల్లర్, ఆడమ్ సాంజుర్హో అను ఇరువురు 2018లో ఆ పాత పరిశోధనయొక్క కొలబద్దయే వంకరయని చూపిరి. నాణెమును మూడుమారులు ఎగురవేసి, బొమ్మ పడిన వెంటనే మరల బొమ్మ పడిన నిష్పత్తిని ప్రతి వరుసకును వేఱువేఱుగా గుర్తించి సగటు తీసినచో, సగము రావలెనని మనమనుకొందుము. వచ్చునది పండ్రెండింట అయిదు. ఈ లోటును సవరించినచో భ్రమయన్నది కొంత నిజమై కూర్చుండినది. అదే యేడు బ్రెట్ గ్రీన్, జెఫ్రీ జ్వీబెల్ బేస్‌బాల్ లెక్కలను తిరుగవేసి, ఇటీవలి వంతులలో బాగుగా కొట్టినవాడు తరువాతి వంతునను మామూలుకంటె మెఱుగుగా కొట్టుచున్నాడని కనుగొనిరి. ప్రత్యర్థి జట్లు ఈ పత్రములు వచ్చువఱకు ఆగలేదు. ఊపు మీదనున్నవానికి మంచి బంతి వేయక, నాలుగు బంతులను దూరముగా విసరి, వానిని ఊరకయే మొదటి బేసునకు పంపివేయుట వారికి తరతరముల నాటి ఉపాయము.

ఎండిన దినములను చూడనివానికి వరద విలువ తెలియదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు గిల్ హాడ్జెస్ 1952 వరల్డ్ సిరీస్ అను తుదిపోరు ఏడు ఆటలలో 21 వంతులకు ఒక్క హిట్ సంపాదింపలేదు. మఱుసటి వసంతమునను ఆ గ్రహము వదలలేదు. బ్రూక్లిన్ జనులు పరుషభాషలకు పేరుపడినవారే యైనను అతనిని ఒక్కమాట అనక, ఉత్తరములును జపమాలలును పంపిరి. 1953 మే నెలలో ఒక ఆదివారము ఫాదర్ హెర్బర్ట్ రెడ్‌మండ్ అను మతాచార్యుడు, నేడు ఉక్క మిక్కుటముగా నున్నది గనుక ధర్మోపన్యాసము లేదు, ఇండ్లకు పోయి దైవాజ్ఞలను పాటించి హాడ్జెస్ కొఱకు ప్రార్థింపుడని చెప్పి సభ చాలించెను. ఆ యేడు హాడ్జెస్ సగటు .302, వరల్డ్ సిరీస్‌లో .364. ప్రార్థన ఫలించినదో, మంచి బ్యాటర్ తన సగటునకు తాను తిరిగి వచ్చెనో, ఎవరి విశ్వాసము వారిది. 2013లో 53 హోమ్‌రన్‌లు కొట్టి దేశమున మొదటివాడైన బాల్టిమోర్ జట్టు క్రిస్ డేవిస్ 54 వంతులు వరుసగా హిట్ లేక తిరిగి, 2019 ఏప్రిల్‌లో బోస్టన్ మైదానమున ఆ శాపమును తెంచుకొనినపుడు, పరాయి జట్టు అభిమానులుగూడ చప్పట్లు కొట్టిరి.

వచ్చిన ఊపు పోయిన పిమ్మట ఏమి మిగులునను ప్రశ్నకు డేనియల్ మర్ఫీ కథ మంచి జవాబు. 2015లో న్యూయార్క్ మెట్స్ జట్టున సంవత్సరమంతయు ఆడి 14 హోమ్‌రన్‌లు కొట్టిన ఈ రెండవ బేసు ఆటగాడు, అక్టోబరు పోటీలలో వరుసగా ఆఱు ఆటలలో ఆటకొకటి చొప్పున కొట్టెను. అంతకుముందు ఎవరును చేయని పని. ఎదుట నిలిచినవారు క్లేటన్ కెర్షా, జాక్ గ్రింకీ, జాన్ లెస్టర్, జేక్ అరియెటా మొదలగు ఆనాటి పిచర్లలో అగ్రగణ్యులు. వెంటనే వచ్చిన వరల్డ్ సిరీస్‌లో కాన్సాస్ సిటీపై అదే మర్ఫీ 20 వంతులకు మూడు హిట్లు మాత్రమే పొంది, హోమ్‌రన్ మాటయే యెఱుగక, నాలుగవ ఆటలో చేతికి రావలసిన బంతిని జాఱవిడిచి, జట్టుతోగూడ ఓడెను. గాలి వచ్చినది, గాలి పోయినదని అనేకులు అనుకొనిరి. మెట్స్ వారు అతనిని పోనిచ్చిరి. కాని ఆ యేడు కోచ్ కెవిన్ లాంగ్ అతనిని, బంతి దాటిపోవలసిన ప్లేటునకు దగ్గఱగా జరిపి, బంతిని గాలిలోనికి లేపి కుడివైపునకు లాగి కొట్టుట నేర్పియుండెను. ఊపు పోయినను ఆ నేర్పు పోలేదు. 2016లో వాషింగ్టన్ నేషనల్స్‌కు చేరి మర్ఫీ .347 సగటుతో 25 హోమ్‌రన్‌లు కొట్టెను. 2018వ యేటికి కెవిన్ లాంగ్‌ను గూడ వాషింగ్టన్ వారు కోచ్‌గా తీసికొనిరి. 2021 జూన్‌లో స్క్వార్బర్ చెలరేగిన దినములలో ఆ డగౌట్‌లో నున్నవాడు అతడే. మఱుసటి యేడు ఇరువురును ఫిలడెల్ఫియా చేరిరి. అచట స్క్వార్బర్ సగటు .218, బంతిని కొట్టలేకయే ఔటయిన స్ట్రయికౌట్లు 200, హోమ్‌రన్‌లు 46, నేషనల్ లీగులో అందఱికంటె ఎక్కువ. ఆ 46లో 12 ఒక్క జూన్ నెలలోనే వచ్చినవి.